సికిల్ సెల్ జన్యు చికిత్స మన మన్యానికి చేరాలంటే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

సికిల్ సెల్ రక్తహీనతకు జన్యు చికిత్స వచ్చిందన్న వార్తలు మీ పత్రికలోనూ, ఇతర తెలుగు పత్రికల్లోనూ కొంతకాలంగా వస్తున్నాయి. వాటిలో క్రిస్పర్ అనే జన్యు కత్తెర గురించి వివరంగానే రాస్తున్నారు. ఆ కత్తెరను రక్తకణాలను పుట్టించే మూలకణం లోపలికి పంపేది సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే నిలిచే విద్యుత్ పల్సు అన్న సంగతి మాత్రం నేను చదివిన వార్తల్లో ఎక్కడా కనిపించలేదు. ఇది వదిలేయదగిన చిన్న వివరం కాదు. మధ్యలో జరిగే పని తెలియనందువల్లనే సికిల్ సెల్ పిల్లలున్న చాలామంది తల్లిదండ్రులు దీన్ని కూడా ఒక ఇంజెక్షన్ అనుకుంటున్నారు. కండరాలు క్షీణించే స్పైనల్ మస్కులర్ అట్రోఫీ వ్యాధి ఉన్న పసిపిల్లల కోసం విరాళాలు పోగుచేసిన '16 కోట్ల ఇంజెక్షన్' వంటిదే మరొకటి వచ్చిందని, డబ్బు సమకూరితే వేయించుకోవచ్చని ఆశపడుతున్నారు. శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన వ్యక్తిగా, ఈ చికిత్స ఎలా జరుగుతుందో, దాని ఖర్చు ఎక్కడ పెరుగుతుందో, మన ఉత్తరాంధ్ర ఇప్పటినుంచే ఏం అడగాలో రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఈ వ్యాధి వస్తుంది. ఆ మార్పుతో తయారైన హీమోగ్లోబిన్ ఆక్సిజన్ తగ్గినచోట పోగులుగా అతుక్కుని, గుండ్రని ఎర్రరక్తకణాన్ని కొడవలి ఆకారంలోకి వంచేస్తుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడి ఎముకల్లో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి తెస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువే వచ్చిన బిడ్డ వ్యాధిగ్రస్తమవుతుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకం మాత్రమే. వాహకులకు ఫాల్సిపేరం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది గనుక, తరతరాలుగా మలేరియాతో కాపురం చేసిన కొండప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించగా, దేశవ్యాప్త కార్యక్రమం రావడానికి 2023 జులై వరకు పట్టింది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలన్నది ఆ జాతీయ మిషన్ లక్ష్యం. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని సవర, జాతాపు, గదబ గిరిజన కుటుంబాలకు ఈ మిషన్ అత్యంత ముఖ్యమైనది. 2022లో జరిగిన జిల్లాల విభజనతో ఆ రెండు ఐటీడీఏలూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళినా, మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల కొండ గ్రామాలు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి. ఇది ఒక జిల్లా సమస్యగా చూసి పక్కన పెట్టదగినది కాదు.

ఇక విద్యుత్ పల్సు చేసే పనికి వస్తాను. ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడింది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మీటరులో 20 కోట్ల వంతు. ఇంత పలచనిదైనా అది డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, పెద్ద ప్రొటీన్ల వంటి వాటిని తనంతట తాను లోపలికి రానివ్వదు. ఆ పొరకు లోపలి వైపూ బయటి వైపూ మామూలు సమయంలోనే కొన్ని పదుల మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. కణాలను ద్రావణంలో ఉంచి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకు కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా వోల్టుల విద్యుత్ క్షేత్రాన్ని మైక్రోసెకన్లు లేదా మిల్లీసెకన్ల పాటు ప్రయోగిస్తే, పొరకు ఇటూ అటూ ఉన్న తేడా దాదాపు ఒక వోల్టుకు చేరుతుంది. టార్చిలైటులో వేసే బ్యాటరీ వోల్టేజీ కంటే ఇది తక్కువే. అయితే ఆ ఒక్క వోల్టూ 5 నానోమీటర్ల మందం మీద పడుతోంది గనుక, సెంటీమీటరు లెక్కన చూస్తే 20 లక్షల వోల్టుల క్షేత్రంతో సమానమవుతుంది. ఆ ఒత్తిడికి కొవ్వు అణువుల వరుస అక్కడక్కడ చెదిరి, నీటితో నిండిన అతి సూక్ష్మమైన రంధ్రాలు ఏర్పడతాయి. పల్సు ఆగిన తర్వాత సెకన్లలోనో నిమిషాల్లోనో పొర తిరిగి అతుక్కుంటుంది. ఆ వ్యవధిలోనే ద్రావణంలో ఉన్న జన్యుపదార్థం కణానికి చేరాలి. ఈ పద్ధతిని ఎలక్ట్రోపొరేషన్ అంటారు. జర్మనీ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ నోయ్‌మన్ బృందం 1982లో ఈ విధంగా ఎలుక కణాల్లోకి జన్యువును పంపి, అది అక్కడ పనిచేస్తోందని చూపించింది.

వినడానికి తేలికగా ఉన్నా, నేర్పంతా మోతాదులోనే ఉంది. కణం ఎంత చిన్నదైతే అంత బలమైన క్షేత్రం కావాలి. అందుకే పెద్ద కణాలకు సరిపోయే వోల్టేజీ చిన్నవైన రక్త మూలకణాలకు చాలదు, బ్యాక్టీరియాకైతే సెంటీమీటరుకు పది వేల వోల్టులు దాటవలసి వస్తుంది. క్షేత్రం తగ్గితే రంధ్రాలే ఏర్పడవు. మితిమీరితే పొర తిరిగి అతుక్కోక కణం చనిపోతుంది. (ఆ చంపే గుణాన్నే కొన్ని రకాల కణితులను నిర్మూలించడానికీ, గుండె లయ తప్పడానికి కారణమయ్యే కణజాలాన్ని తొలగించడానికీ వైద్యులు ఇప్పుడు వాడుతున్నారు.) లోపలికి వెళ్ళే పదార్థాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. చిన్న అణువులు రంధ్రాల గుండా తేలికగా వెళతాయి. పొడవైన డీఎన్ఏ అలా నేరుగా దూరిపోదు. దానికి ఋణావేశం ఉన్నందున విద్యుత్ క్షేత్రం దాన్ని కణం వైపు నెడుతుంది. అది ఋణ ఎలక్ట్రోడుకు ఎదురుగా ఉన్న పొర భాగానికి అంటుకుని, పల్సు ముగిసిన తర్వాత నిమిషాల మీద లోపలికి దిగుతుంది. ఫ్రాన్సులోని తులూజ్ పరిశోధకులు 2002లో సూక్ష్మదర్శిని కింద దీన్ని ప్రత్యక్షంగా చూడగలిగారు. నాలుగు దశాబ్దాల పరిశోధన అంతా ఈ మోతాదులను కణం వెంబడి కణానికి, అణువు వెంబడి అణువుకు తేల్చుకోవడంలోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

జన్యువులను మోయడానికి వైరస్‌లు ఉండగా ఈ శ్రమ ఎందుకని పాఠకులు అడగవచ్చు. జన్యు చికిత్స తొలి దశాబ్దాలు ఎక్కువగా వైరస్‌ల మీదే నడిచాయి, వాటికి చెల్లించిన మూల్యమూ పెద్దదే. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ యువకుడు, ఎడినోవైరస్ ద్వారా జన్యువును ఎక్కించిన నాలుగు రోజులకే, శరీరం దానిపై తీవ్రంగా తిరగబడడంతో మరణించాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలకు రెట్రోవైరస్‌తో చేసిన చికిత్స వారిని బతికించినా, వైరస్ తెచ్చిన జన్యువు చేరరాని చోట చేరినందువల్ల కొందరికి లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది. నేటి వైరస్ వాహకాలు అప్పటివాటికంటే చాలా భద్రమైనవి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు లెంటీవైరస్ సాయంతో, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగులకు చేసిన చికిత్స ఫలితాలు 2024 చివర్లో వెలువడి, మన దేశానికి గర్వకారణమయ్యాయి. అయినా వైరస్‌ల తయారీ ఖరీదైనది. విరివిగా వాడే అడినో అనుబంధ వైరస్ మోయగలిగింది సుమారు 4,700 అక్షరాల జన్యుసమాచారమే. దానిపై శరీరంలో ముందే ప్రతిరక్షకాలు ఉన్నవారికి ఆ చికిత్స పనికిరాకపోవచ్చు. విద్యుత్ పల్సుకు ఈ పరిమితులు లేవు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: పల్సుతో కత్తెరను జన్యువు రూపంలో కాక, సిద్ధంగా ఉన్న ప్రొటీన్ రూపంలోనే పంపవచ్చు. అది తన పని చేసి కొద్ది రోజుల్లో కణంలోనే విచ్ఛిన్నమైపోతుంది. కత్తిరించే సాధనం అక్కరకు మించి కణంలో ఉండిపోవడం ఎవరికీ మంచిది కాదు.

సికిల్ సెల్‌కు ఆమోదం పొందిన క్యాస్‌జెవీ చికిత్సలో జరిగేది ఇదే. బ్రిటన్ 2023 నవంబరులో, అమెరికా అదే సంవత్సరం డిసెంబరులో, 12 ఏళ్ళు నిండిన రోగులకు దీన్ని అనుమతించాయి. ముందుగా మందు ఇచ్చి, ఎముక మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించి, అఫెరిసిస్ యంత్రంతో వాటిని వేరుచేస్తారు. ఒక్క విడతలో సరిపడా కణాలు రాకపోతే మళ్ళీ మళ్ళీ సేకరించవలసి ఉంటుంది. ఆ కణాలను తయారీ కేంద్రానికి పంపి, అక్కడ విద్యుత్ పల్సుతో క్రిస్పర్‌ను లోపలికి పంపిస్తారు. గర్భంలో ఉన్న శిశువుకు వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన తర్వాత దాని తయారీని అణచివేసేది బీసీఎల్11ఏ అనే జన్యువు. ఎర్రకణాల్లో ఆ జన్యువును పనిచేయించే భాగాన్ని క్రిస్పర్ కత్తిరించడంతో శిశు హీమోగ్లోబిన్ మళ్ళీ తయారై, కణాలను వంగనివ్వదు. మార్చిన కణాలు సిద్ధమయ్యాక రోగికి బుసల్ఫాన్ అనే తీవ్రమైన కీమోథెరపీ ఇచ్చి పాత మజ్జను ఖాళీ చేస్తారు. మార్చిన కణాలను సిరలోకి ఎక్కించిన తర్వాత అవి కుదురుకునే వరకు వారాల తరబడి ఇన్‌ఫెక్షన్లు సోకకుండా ఆసుపత్రిలోనే కాపాడాలి. సంతానోత్పత్తి శక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలించిన 31 మందిలో 29 మందికి కనీసం వరుసగా ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడులు రాలేదు. ఇది గొప్ప ఫలితం. కానీ ఇది ఇంజెక్షన్ కాదు; నెలల తరబడి సాగే, మజ్జ మార్పిడి అంతటి కఠినమైన చికిత్స. రోగి శరీరానికి కరెంటు తగలదన్న విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. పల్సు తగిలేది శరీరం బయట, సంచిలో ఉన్న కణాలకు మాత్రమే. కాబట్టి రేపు ఏ పట్టణంలోనైనా ఎవరైనా ఒక యంత్రం పెట్టుకుని, విద్యుత్ పల్సులతో సికిల్ సెల్ నయం చేస్తామని ప్రకటన వేస్తే దాన్ని నమ్మవద్దని మీ పాఠకులకు చేతులు జోడించి చెబుతున్నాను.

శరీరంలోనే పల్సులు ఇచ్చే చికిత్సలు లేకపోలేదు. రోగనిరోధక శక్తిని ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-12 ప్రొటీన్ జన్యువును మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణితుల్లోకి ఎక్కించి అక్కడే పల్సులిచ్చిన ప్రయోగ ఫలితాలు 2008లో అమెరికాలో వెలువడ్డాయి. అందులో పాల్గొన్నది 24 మంది. అవి క్యాన్సర్లకు, టీకాలకు సంబంధించినవి, ఇంకా ఎక్కువ భాగం పరిశోధన దశలోనివి.

క్యాస్‌జెవీకి అమెరికాలో నిర్ణయించిన ధర 22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల రూపాయలకు పైమాటే. ఈ ధరలో విద్యుత్ పల్సు వాటా ఎంత ఉంటుందో ఊహించడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలోని జార్జియా టెక్ సంస్థలో సాద్ భామ్లా బృందం 2020లో, వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరులోని పీజోఎలక్ట్రిక్ భాగాన్ని (నొక్కగానే విద్యుత్తు పుట్టించే ముక్కను) తీసుకుని, దాంతో బ్యాక్టీరియాలోకి డీఎన్ఏను పంపే పరికరాన్ని తయారుచేసింది. దానికైన ఖర్చు 23 సెంట్లు, అంటే పాతిక రూపాయలలోపు. మరుసటి సంవత్సరమే అదే సూత్రంతో ఎలుకల చర్మంలోకి డీఎన్ఏ టీకాను పంపే పరికరాన్నీ చూపించారు. మనిషి మూలకణాలకు లైటరు సరిపోతుందని నేను అనడం లేదు. వాటికి సూక్ష్మజీవి సోకని మూసివున్న సంచులు, ప్రతి పల్సునూ నమోదు చేసే కచ్చితమైన యంత్రం కావాలి. అయినా ఆ యంత్రం మన దేశంలో తయారుకానంత అసాధ్యమైనది కాదు. వైద్య పరికరాల తయారీ కోసమే నెలకొల్పిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ విశాఖలోనే ఉంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, జీవశాస్త్రం కలిసి చేయవలసిన ఇంత చక్కటి పని మన విద్యార్థులకు మరొకటి దొరకదని నా నమ్మకం. విద్యాలయాలు, మెడ్‌టెక్ జోన్ కలిసి ఒక పల్సు యంత్రం ప్రాజెక్టును చేపట్టాలని మనవి చేస్తున్నాను.

ధర నిజంగా పెరిగేది పల్సు చుట్టూ ఉన్న పనుల్లో: కణాల సేకరణ, శుద్ధ గది, ఒక్కొక్క రోగి కణాలను విడివిడిగా తయారుచేసి పరీక్షించడం, కీమోథెరపీ, వారాల ఆసుపత్రి వాసం, పేటెంట్లు, పెట్టుబడిదారుల లాభం. వీటిలో చాలా వాటిని ఇక్కడ చవకగా చేయవచ్చని ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన కార్-టీ క్యాన్సర్ చికిత్స ఇప్పటికే చూపింది. 2023లో అనుమతి పొందిన ఆ చికిత్స ధర విదేశాల్లోని ధరలో దాదాపు పదో వంతు. (అందులో జన్యువును మోసేది వైరసే, అయినా రోగి కణాలను బయటకు తీసి, మార్చి, తిరిగి ఎక్కించే పని ఒకటే.) సికిల్ సెల్ విషయంలో ఢిల్లీలోని ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఐజీఐబీ శాస్త్రవేత్తలు రూపొందించిన స్వదేశీ క్రిస్పర్ చికిత్సను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో బిర్సా ముండా పేరు మీద 'బిర్సా 101'గా ప్రకటించి, ఆ పరిజ్ఞానాన్ని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించింది. కనుక మన మన్యంలోని బిడ్డలకు ఇది కలలోని మాట కాదు.

అయితే మందు దేశంలో తయారైనంత మాత్రాన సీతంపేట కొండలకు చేరదు. కణాలను సేకరించే అఫెరిసిస్ యంత్రం, మజ్జ మార్పిడి వార్డు, రక్తవ్యాధుల నిపుణులు, ఆ వార్డులో పనిచేయగల నర్సులు ఉన్న చోటికే ఈ చికిత్స వస్తుంది. భామిని నుంచో గుమ్మలక్ష్మీపురం నుంచో ఒక బిడ్డను తీసుకుని తల్లి ముంబయిలోనో ఢిల్లీలోనో నెలలు గడపాలంటే, చికిత్స ఉచితమైనా ఆ కుటుంబం తట్టుకోలేదు. రోడ్డు లేక రోగులను ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఉన్న ప్రాంతమిది. కనుక విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, ఉత్తరాంధ్ర జిల్లాలన్నింటికీ ఉపయోగపడేలా, ఈ సదుపాయాలన్నింటినీ ఒకే చోట పూర్తి స్థాయిలో సమకూర్చాలి. ఇలాంటి కేంద్రాన్ని నిలబెట్టడానికి, అక్కడి సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి సంవత్సరాలు పడుతుంది. చికిత్సకు అనుమతి వచ్చాక మొదలుపెడితే ఒక తరం పిల్లలు వెనకబడిపోతారు.

ఆ కేంద్రం ఉంటే దేశీయ చికిత్స ప్రయోగాలు కూడా ఇక్కడ జరుగుతాయి. అప్పుడు మరొక జాగ్రత్త అవసరం. గిరిజనుల మీద ప్రయోగం అనగానే భయపడడానికి వారికి కారణాలు ఉన్నాయి. బుసల్ఫాన్ వల్ల బిడ్డలు పుట్టకపోవచ్చునన్న సంగతిని, 15 సంవత్సరాల పాటు పరీక్షలకు రావలసి ఉంటుందన్న సంగతిని, ఇష్టం లేకపోతే ఏ దశలోనైనా వద్దనవచ్చునన్న సంగతిని వారి భాషలో, వారికి నచ్చిన మనిషి ద్వారా చెప్పించాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సిద్ధం చేసి, సవర పిల్లలకు చదువు చెప్పించిన ప్రాంతమిది. ఇంగ్లీషు పత్రం మీద వేలిముద్ర వేయించుకుని దాన్ని అంగీకారమని చూపించడం ఇక్కడ ఎంతమాత్రం సహించరానిది.

పల్సు మీద ఇంత రాసినా, ఈ రోజు నొప్పితో ఉన్న బిడ్డకు ఈ రోజు అందవలసింది హైడ్రాక్సీయూరియా. ఇది చవకైన మాత్ర. ఆశ్చర్యం ఏమిటంటే, 18 కోట్ల చికిత్స పెంచే ఆ శిశు హీమోగ్లోబిన్‌నే ఇదీ కొంతమేర పెంచుతుంది. దశాబ్దాలుగా వాడుకలో ఉంది. దీన్ని క్రమం తప్పకుండా వాడాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయాలి, అందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఏ నెలా అయిపోకూడదు. సికిల్ సెల్ బాధితులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది ఎంతో విలువైన సాయం, కానీ మందుకు బదులు కాలేదు. న్యూమోకాకల్ టీకా, ఫోలిక్ యాసిడ్, అవసరమైనప్పుడు రక్తం, పెళ్ళికి ముందు వాహకులకు సలహా కూడా ఇందులో భాగమే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఈ లెక్క ప్రతి ఆశా కార్యకర్తకూ నోటికి వచ్చి ఉండాలి. పరీక్షలు చేసి కార్డు చేతికిచ్చి అక్కడితో ఆపేస్తే, కొత్త భయాన్ని పంచినట్లవుతుంది.

విద్యుత్ పల్సు పద్ధతి శాశ్వతంగా నిలుస్తుందని కూడా నేను చెప్పడం లేదు. అమెరికాలో ఒక పసిబిడ్డ కాలేయంలోని జన్యులోపాన్ని కొవ్వు నానోకణాల ద్వారా శరీరంలోనే సరిచేసినట్లు 2025 మేలో వైద్యులు ప్రకటించారు. రక్త మూలకణాలకూ అటువంటి దారి దొరికితే కీమోథెరపీ బాధ తప్పుతుంది. అప్పుడు కూడా రోగిని గుర్తించి, చికిత్స అందించి, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే ప్రభుత్వ వ్యవస్థ కావాలి. ఇప్పుడు కట్టుకునే కేంద్రం అప్పుడూ పనికివస్తుంది.

సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ పాలకవర్గ సమావేశాల్లో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లా సమీక్షా సమావేశాల్లో మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు రెండు విషయాలను లిఖితపూర్వకంగా అడగాలని కోరుతున్నాను. మొదటిది, తమ పరిధిలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హైడ్రాక్సీయూరియా నిల్వ ఎంత ఉంది, గత ఏడాదిలో ఎన్ని రోజులు లేకుండా పోయింది. రెండవది, విశాఖలో ప్రభుత్వ రంగంలో సికిల్ సెల్ రోగులకు మూలకణాల సేకరణ, మజ్జ మార్పిడి ఎప్పటికి ప్రారంభమవుతాయి, అందుకు ఎవరిని శిక్షణకు పంపుతున్నారు. వచ్చిన జవాబులను మీరు యథాతథంగా ప్రచురించాలని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం.